కాగితం పోయిందా? కంగారు పడకండి!

ఇంట్లో బీరువా తాళం ఎవరి కొంగున ఉంటుంది? మనదే. అందులో పట్టుచీరల అడుగున, పసుపు అంటిన ప్లాస్టిక్ సంచిలో ఇంటిల్లిపాది కాగితాలు ఉంటాయి. పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, బియ్యం కార్డు, పెళ్ళి శుభలేఖ, మామగారి మరణ ధ్రువపత్రం, ఇంటి పత్రాల జిరాక్సులు. అన్నీ ఉన్నన్నాళ్ళూ ఆ సంచి సంగతి ఎవరికీ పట్టదు. ఒక్కటి కనపడకపోతే మాత్రం ఇల్లంతా ఒక్కటై "నువ్వే కదా పెట్టింది, యాడ పెట్టినావ్?" అని మన మీదికి వస్తుంది.

అద్దె ఇళ్ళు మారేటప్పుడు పోతాయి. చెదలు తింటాయి. వాన నీళ్ళలో నానిపోతాయి. ఆటోలో మరిచిపోయిన సంచితో పాటు పోతాయి. ఇంకో రకంగా కూడా పోతాయి, దాన్ని మనం పైకి చెప్పుకోం. మొగుడూ పెళ్ళాల మధ్య మాట పడి ఆయన ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆ సంచీ పట్టుకుపోతాడు. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు కాగితాలు పెద్దకోడలి పెట్టెలో ఉండిపోతాయి. అడిగితే పొరపొచ్చాలు, అడగకపోతే పనులు కావు.

పోయిన కాగితానికి మారుకాగితం తెచ్చుకోవడం ఎట్లాగో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆడవాళ్ళ అనుభవాలతోనే ఈ వారం చెప్పుకుందాం.

ఆఫీసే కాలిపోతే?

మన కాగితం పోతే ఆఫీసులో ఉంటుందని ధీమా. ఆఫీసులో కాగితాలే పోతే? 2024 జూలై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచాయి. రెండు వేలకు పైగా ఫైళ్ళు కాలిపోయాయి. రాష్ట్ర పోలీసు బాసు మరునాడే హెలికాప్టర్‌లో దిగారు. కేసు తర్వాత సీఐడీ చేతికి వెళ్ళింది. ఎవరు చేశారు, ఎందుకు చేశారన్నది తేల్చాల్సింది వాళ్ళు. మనకు కావలసిన సంగతి ఇంకొకటి. ఆ వారమంతా ఊళ్ళో జనం నోట ఒకటే మాట: "మా భూమి కాగితం కూడా పోయిందేమో?"

భూమికి సంబంధించిన ఫైలు ఒక్క ఆఫీసులోనే ఉండదు. సబ్ కలెక్టరు ఇచ్చిన ఉత్తర్వు కాపీ కింద తహసీల్దారుకు వెళుతుంది, పైన కలెక్టరు ఆఫీసుకూ వెళుతుంది, అర్జీ పెట్టుకున్న మనిషికీ ఒకటి వస్తుంది. మధ్యలో ఒకటి బూడిదైనా పైనా కిందా ఉన్నవాటిని కలిపి మళ్ళీ ఫైలు కట్టడానికి వీలుంటుంది. అర్జీదారు ఇంట్లో ఆ కాపీ భద్రంగా ఉంటే ఆ పని ఇంకా తేలిక. ఆఫీసులు మనల్ని కాపాడినట్టే, ఒక్కోసారి మన బీరువాలే ఆఫీసులను కాపాడతాయి.

పిల్ల కాగితం, తల్లి కాగితం

ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే సగం కంగారు తగ్గుతుంది. మన చేతికి ఇచ్చే సర్టిఫికెట్ పిల్ల కాగితం. దాని తల్లి ఆఫీసు రిజిస్టరులో ఒక వరుస. పిల్ల తప్పిపోతే తల్లి దగ్గరికి వెళ్ళి ఇంకో నకలు అడగడమే మనం చేయాల్సింది. పుట్టుక అయితే జనన మరణాల రిజిస్టరు, పెళ్ళి అయితే వివాహాల రిజిస్టరు, స్థలం అయితే సబ్ రిజిస్ట్రారు పుస్తకం, బియ్యం కార్డు అయితే పౌర సరఫరాల శాఖ కంప్యూటరు. పెన్షన్ పుస్తకానికి కూడా రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మన దగ్గర, ఇంకొకటి ట్రెజరీలో.

కాబట్టి "పోయింది" అనగానే ఏడుస్తూ కూర్చోకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. దీని తల్లి రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంది? ఏ సంవత్సరం పుస్తకంలో ఉంది? ఏ పేరు మీద ఉంది? ఈ మూడూ తెలిస్తే మిగిలింది తిరుగుడే. తెలియకపోతే ఎంత తిరిగినా ఫలితం ఉండదు.

పుట్టినూరు ఏది?

కుప్పంలో మాకు తెలిసిన ఒకావిడ ఉంది. కూతురు నర్సింగ్ చదివింది. విదేశంలో ఉద్యోగానికి పెట్టుకుంటే పుట్టిన తేదీ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఉన్న ఒక్క కాగితమూ ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. తల్లి కుప్పంలో అడిగింది. వాళ్ళు కంప్యూటరులో చూశారు, పాత పుస్తకాలు తిరగేశారు. లేదన్నారు. "మేం కుప్పంలోనే కదా ఉండేది, ఎట్లా లేదంటారు?" అని ఆమె గోడు.

పక్కనే కూర్చున్న ముసలావిడ ఒక మాట అడిగింది. "ఏమ్మా, తొలిచూలు గదా, కాన్పు యాడైంది?"

అంతే, చిక్కు వీడింది. తొలికాన్పు పుట్టింట్లో. ఆమె పుట్టిల్లు సరిహద్దు దాటి కృష్ణగిరి వైపు పల్లె. పాప పుట్టింది 2002లో. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు అవుతుంది, కాపురం ఎక్కడున్నా సరే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేది అదే. కుప్పంలో వెయ్యి పుస్తకాలు తిప్పినా ఆ పాప పేరు దొరకదు.

ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. 2002లో కృష్ణగిరి జిల్లానే లేదు. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లాను విడదీసి దాన్ని ఏర్పాటు చేశారు. అందుకని అర్జీలో "అప్పటి ధర్మపురి జిల్లా" అని రాయాల్సి వచ్చింది. పాత రిజిస్టరు ఊళ్ళో లేదు, పై ఆఫీసుకు చేరిందన్నారు. తమిళం చదవడం రాని ఆ తల్లి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. వరుస దొరికింది. అందులో తండ్రి పేరు తమిళంలో, మన ఇంటిపేరు లేకుండా ఉంది. దాన్ని సరిచేయించుకోవడానికి ఇంకోసారి వెళ్ళింది. మొత్తానికి కాగితం చేతికొచ్చింది.

మన వైపు ఈ కథ ఇంటింటికీ ఉంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక కోడలు కోలారు వైపు నుంచి, ఇంకో కోడలు హోసూరు నుంచి వస్తుంది. మదనపల్లె ఆడపిల్లను బెంగుళూరుకు ఇస్తారు, కాన్పుకు అమ్మ దగ్గరికి తెచ్చుకుంటారు. ఆ బిడ్డ పుట్టుక మదనపల్లె రిజిస్టరులో ఉంటుంది, బతుకంతా కర్ణాటకలో. పుట్టింటి కాన్పు మన ఆచారం. ఆ ఆచారం వల్ల కాగితమూ పుట్టింట్లోనే పుడుతుందని మనం మరిచిపోతాం.

సరే, ఊరు తెలిసింది. ఆ ఊళ్ళో ఏ ఆఫీసు? పల్లె అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నం అయితే మునిసిపాలిటీలో. ఇది ఇప్పటి మాట. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అంతకు ముందు పల్లెల్లో పుట్టుకలూ చావులూ రాసింది ఊరి ఉద్యోగులే. ఆ పాత పుస్తకాలు తాలూకా ఆఫీసుకు చేరేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మీ అమ్మగారి కాలం నాటి పుట్టుక వెతకాలంటే "ఇది అప్పట్లో ఏ తాలూకా?" అని అడగాలి. కుప్పం ఇప్పుడు మునిసిపాలిటీ, తొలి పురపాలక ఎన్నికలు జరిగింది 2021 నవంబరులో. అంతకు ముందు అది పంచాయతీ. అప్పటి పుట్టుకలు పంచాయతీ పుస్తకాల్లో రాసినవే.

ఇంకా వెనక్కి వెళితే 1953 అక్టోబరు 1 దాకా మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది. అక్కడ జనన మరణాల నమోదుకు 1899 నుంచే చట్టం ఉంది. కాబట్టి "ఆ రోజుల్లో ఎవరు రాసినారమ్మా" అని ముందే చేతులెత్తేయకండి. అవ్వగారి పుట్టుక కూడా ఏ పాత పుస్తకంలోనో నల్ల సిరాతో ఉండవచ్చు.

రాక్షస నామ సంవత్సరమంటే ఎప్పుడు?

రిజిస్టరు వెతకాలంటే సంవత్సరం కావాలి. పెద్దవాళ్ళను అడిగితే సంవత్సరం చెప్పరు. "సుగుటూరు గంగమ్మ జాతర అయిన వారానికి పుట్టినావు" అంటారు పుంగనూరు అవ్వలు. "గంగ జాతరకు వచ్చిన చుట్టాలు ఇంకా పోకముందే" అంటారు కుప్పం అత్తలు. వీటిని కొట్టిపారేయకండి. జాతర ఏ నెలలో జరుగుతుందో అందరికీ తెలుసు. అన్నకు ఎన్నేళ్ళు, ఆ ఏడు ఎవరి పెళ్ళయింది అని నాలుగు ప్రశ్నలు కలిపితే సంవత్సరం తేలుతుంది.

కొందరి ఇళ్ళలో పాత పంచాంగం అంచున "ఆనంద నామ సంవత్సరం, ఫలానా మాసం, ఫలానా తిథి" అని తాతగారి చేతిరాత ఉంటుంది. ఆనంద అంటే 1974 ఉగాది నుంచి 1975 ఉగాది వరకు. రాక్షస అంటే ఆ తర్వాతి ఏడు. ఆ చేతిరాత సర్కారీ రుజువు కాదు. కానీ ఏ సంవత్సరం పుస్తకం తీయాలో గుమాస్తాకు చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ఒక్క ఏడు పుస్తకం చూడమంటే చూస్తారు. పదేళ్ళ పుస్తకాలు చూడమంటే ఎవరికైనా విసుగే.

ఆసుపత్రిలో పుడితే కాన్పు రిజిస్టరు ఉంటుంది. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి లాంటి పాత మిషన్ ఆసుపత్రుల్లో పుట్టిన తరాలు మనలో ఎన్నో ఉన్నాయి. బడిలో చేరినప్పుడు రాసిన అడ్మిషన్ రిజిస్టరు ఇంకో ఆధారం. టీకాల కార్డు మరొకటి. ఇవన్నీ పక్క సాక్షులు. అసలు సాక్షి దొరకనప్పుడు వీళ్ళే అక్కరకొస్తారు.

"లేదు" అంటే లేదని రాసివ్వమనండి

వెతికారు, దొరకలేదు. లేదా అసలు ఎవరూ నమోదు చేయించలేదు. అప్పుడు నోటిమాటగా "లేదమ్మా" అంటే విని వచ్చేయకూడదు. ఫలానా సంవత్సరం రిజిస్టరులో ఈ నమోదు లభ్యం కాలేదని రాసి, సీలు వేసి ఇవ్వాలి. దానికీ ఒక నిర్ణీత నమూనా ఉంది. ఆ కాగితమే ముందు పనికి తొలి మెట్టు.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల దాకా కొద్దిపాటి ఆలస్య రుసుము. ఏడాది దాటిందంటే పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో చేతిలో పని కాదు, పై అధికారి ఉత్తర్వు కావాలి. ఇదివరకు చట్టం మేజిస్ట్రేటు ఉత్తర్వు అనేది. 2023లో సవరించి జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అని స్పష్టం చేశారు. మన మాటల్లో చెప్పాలంటే కలెక్టరు, సబ్ కలెక్టరు, ఆర్డీఓ, వాళ్ళు అధికారమిచ్చిన తహసీల్దారు. లభ్యం కాలేదన్న పత్రం, ప్రమాణ పత్రం, బడి కాగితాలు, ఆసుపత్రి కాగితాలు జతచేసి అర్జీ పెట్టాలి. విచారణ జరుగుతుంది, ఇరుగుపొరుగును అడుగుతారు, తర్వాత ఉత్తర్వు వస్తుంది. ఆ ఉత్తర్వు తీసుకువెళితేనే రిజిస్టరులో ఎక్కిస్తారు.

ఆర్డీఓ ఎవరన్నదీ ఒకసారి కనుక్కోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. కుప్పానికి సొంత రెవెన్యూ డివిజన్ వచ్చింది. 2025 చివర్లో జిల్లాల మార్పుచేర్పులు మళ్ళీ మొదలయ్యాయి. పదేళ్ళ కిందట పక్కింటావిడ ఎక్కడికి వెళ్ళిందో అక్కడికే మనమూ బస్సెక్కితే చార్జీ దండగ. దగ్గర్లో సచివాలయంలో ముందు అడిగి బయలుదేరండి.

ఇంకొక ముఖ్యమైన మాట. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన బిడ్డలకు బడిలో చేరికకూ, పాస్‌పోర్టుకూ, ఓటరు జాబితాకూ, ఇంకా చాలా పనులకూ పుట్టిన తేదీ, చోటు నిరూపించేది జనన ధ్రువపత్రం ఒక్కటే. మనకు చెల్లిన బడి టీసీ ఆ పిల్లలకు చెల్లదు. చిన్నపిల్లల తల్లులు, అమ్మమ్మలు దీన్ని చెవిన వేసుకోవాలి. చాలామంది బారసాలకు ముందే సర్టిఫికెట్ తీసుకుంటారు, అందులో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా, తర్వాత పదిహేనేళ్ళ దాకా రుసుముతో పేరు ఎక్కించుకోవచ్చు. ఉయ్యాలలో వేసిన నెలలోనే ఆ పనీ చేయించేస్తే పోయేదానికి పెళ్ళీడు దాకా ఆగడమెందుకు?

చావు కాగితం, బతుకు దారి

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు మధ్య బతికే ఒక అక్క కథ ఇది. మగ్గం నేసే భర్త జబ్బుపడి తిరుపతిలో ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని సొంతూరికి తెచ్చుకుని కార్యం చేశారు. ఎవరో మరణ ధ్రువపత్రం ఒక కాపీ తెచ్చిచ్చారు. మూడు అద్దె ఇళ్ళు మారేసరికి అది కనబడలేదు. వితంతు పెన్షన్‌కు పెట్టుకుందామంటే మొదటి ప్రశ్న అదే: "మరణ ధ్రువపత్రం ఏదమ్మా?"

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వితంతు పెన్షన్ నెలకు 4,000 రూపాయలు. మగ్గం మీద కూలిచేసుకునే మనిషికి అది ఇంటద్దె. ఒక్క కాగితం లేక నెలనెలా ఆ డబ్బు ఆగిపోయింది.

ఆమె మదనపల్లెలో అడిగితే మా దగ్గర లేదన్నారు. వాళ్ళు చెప్పింది నిజమే. పుట్టుకకు ఉన్న నియమమే చావుకూ ఉంది. మనిషి ఎక్కడ కన్నుమూస్తే అక్కడే నమోదు. దహనం ఎక్కడ చేశారన్నది లెక్కకు రాదు. ఆసుపత్రి వాళ్ళే నగరపాలక సంస్థకు తెలియజేస్తారు. ఆ అక్క బావమరిది తేదీ, ఆసుపత్రి పేరు, చేర్చుకున్నప్పుడు ఇచ్చిన చీటీ పట్టుకుని తిరుపతి వెళ్ళి అర్జీ పెడితే నకలు వచ్చింది. ఈసారి ఒకటి కాదు, ఐదు నకళ్ళు తెచ్చాడు. బ్యాంకు ఒకటి అడుగుతుంది, బీమా కంపెనీ ఒకటి అడుగుతుంది, తహసీల్దారు ఆఫీసు ఒకటి అడుగుతుంది. ఒకేసారి తెచ్చుకోవడం తెలివైన పని.

ఆ తర్వాత కావలసింది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. పోయిన మనిషికి భార్య, బిడ్డలు, తల్లిదండ్రులు ఎవరెవరున్నారో చెప్పే కాగితం ఇది. తహసీల్దారు ఇస్తారు. ఊళ్ళో విచారిస్తారు, పక్కవాళ్ళ వాంగ్మూలం తీసుకుంటారు. ఇది పోతే మళ్ళీ ఇదే ఆఫీసులో పాత నంబరు, తేదీ చెప్పి నకలు అడగాలి. సచివాలయంలోనో మీసేవలోనో పెట్టుకున్న అర్జీ అయితే రసీదు నంబరు చాలు. 2011లో మీసేవ మొదలైనప్పుడు ముందుగా ప్రవేశపెట్టిన జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. అందుకని మన వైపు చాలా ఇళ్ళ కాగితాలు కంప్యూటరులోకి ముందే ఎక్కాయి.

ఇక్కడ ఆడవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవలసింది ఒకటుంది. ఆ జాబితాలో పెళ్ళయిన కూతుళ్ళ పేర్లు ఒదిలేస్తుంటారు. "ఇచ్చేసినాం గదా" అంటారు. పెళ్ళయినా కూతురు కూతురే. హిందూ వారసత్వ చట్టంలో కొడుకుతో పాటు కూతురూ మొదటి వరుస వారసురాలే. పేరు లేకపోతే తర్వాత తగువు. కాగితం మీద సంతకం పెట్టే ముందు పేర్లన్నీ చదవండి. ఇంకోటి, ఈ ధ్రువపత్రం ఉంటే ఆస్తి వచ్చేసినట్టు కాదు. పెద్ద మొత్తాలకు బ్యాంకులు సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అడగవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద అది వేరే పని.

బియ్యం కార్డు ఆయన సంచిలో పోయింది

పుంగనూరు వైపు ఒక కోడలు. భర్త పనికని బెంగుళూరు పోయి, తిరిగి రాలేదు. పోతూ పోతూ కార్డు, ఆధార్ జిరాక్సులు ఉన్న సంచి తీసుకుపోయాడు. ఇద్దరు పిల్లలు. అత్త "కార్డు లేందే బియ్యం యాడిస్తారు?" అని దిగులు పడింది.

ఇస్తారు. కార్డు అట్టముక్క పోయినా నంబరు కంప్యూటరులో ఉంది. రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే ఆ నంబరు మీద ఉన్నవాళ్ళలో ఎవరికైనా సరుకులు ఇస్తారు. నంబరు గుర్తు లేకపోతే ఆధార్ నంబరుతో సచివాలయంలో చూసి చెప్తారు. మారు కార్డుకు అక్కడే అర్జీ. 2025 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో క్యూఆర్ కోడ్ ఉన్న స్మార్ట్ కార్డులు పంచారు. పాతవాటి కంటే గట్టివి, కానీ అవీ పోయేవే. నంబరు వేరే రాసి పెట్టుకోండి.

ఆ కోడలికి ఇంకో సంగతి ఎవరో చెప్పారు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె రేషన్ కార్డుకు ఇంటి పెద్ద. మగవాడు సంచి పట్టుకుపోయినంత మాత్రాన ఇంటి పెద్దరికం ఆయన వెంట పోదు. వాళ్ళింట్లో పెద్ద అత్తగారు. ఆమె వేలిముద్రతోనే ఆ నెల బియ్యం వచ్చాయి. పేర్లు చేర్చడం, తీసేయడం, కార్డు విడదీయడం అన్నిటికీ సచివాలయంలోనే అర్జీలు. అయితే బియ్యం కార్డును వయసుకో పెళ్ళికో రుజువుగా అన్నిచోట్లా ఒప్పుకోరు. దాని పని అది చేస్తుంది, అంతే.

పెళ్ళి ఫొటో చాలదా?

చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదుకు 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశంలో అన్ని మతాల పెళ్ళిళ్ళూ నమోదు చేయాలని చెప్పింది. అయినా "మాకెందుకు, ఊరంతా చూసింది గదా" అంటారు. ఊరంతా చూసినా, ఊరంతా కోర్టుకు రాదు. మనోవర్తి అడిగేటప్పుడూ, వితంతు పెన్షన్‌కూ, వీసాకూ ఆ కాగితం విలువ తెలుస్తుంది.

నమోదైన పెళ్ళి సర్టిఫికెట్ పోతే ఎక్కడ నమోదైందో అక్కడే నకలు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసైతే అక్కడ, పంచాయతీ అయితే పంచాయతీలో. ఇంటి పత్రాలు పోయినా ఇదే దారి. దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. అసలు దస్తావేజు పోతే పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. అది ఎవరి చేతిలోనైనా పడి తాకట్టుకు పోతే రేపు ఆ రసీదే మనకు రక్ష.

పేరులో ఏముంది? అంతా అందులోనే ఉంది!

మారుకాగితాలు తెచ్చేటప్పుడు ఆడవాళ్ళకు వచ్చే అసలు తంటా పేరు. పుట్టినప్పుడు "లక్ష్మీదేవి", బడిలో "జి.లక్ష్మి", పెళ్ళయ్యాక "లక్ష్మమ్మ", ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఇంకోటి. నలుగురూ ఒక్కరే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. మగవాళ్ళకు ఈ బాధ తక్కువ, వాళ్ళ ఇంటిపేరు మారదు కదా.

రిజిస్టరులో అక్షరం తప్పు పడితే సరిదిద్దే అధికారం నమోదు చేసే అధికారికే చట్టం ఇచ్చింది. విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగిన మనుషుల వాంగ్మూలం ఉంటే పుస్తకంలో పాతదాన్ని చెరపకుండా పక్కన రాసి సరిచేస్తారు. పాత కాగితాల మీద పేరు ఎట్లా ఉందో అర్జీలో అట్లాగే రాయండి. "ఫలానా పేరుతోనూ పిలవబడే" అని ఇంకో పేరూ చేర్చండి. మీకు తోచిన కొత్త పేరు రాస్తే గుమాస్తాకు పాత వరుస దొరకదు.

ఆఫీసు మెట్ల మీద

ఆఫీసుల బయట చెట్టు కింద కూర్చునేవాళ్ళు ఉంటారు. "నువ్వు ఇంటికి పోమ్మా, నేను చేయిస్తా" అంటారు. రాసిపెట్టినందుకు పది రూపాయలు ఇవ్వడంలో తప్పులేదు. అసలు కాగితాలు మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకండి. అర్జీ మీరే ఇచ్చి రసీదు మీరే తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం.

తిప్పుతుంటే కోపం తెచ్చుకుని గొడవపడితే పని కాదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. "ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ ఎవరి దగ్గర ఉంది, ఏం చేశారు?" అని రాసివ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు ఆ జవాబు కంటే ముందు కాగితమే వచ్చేస్తుంది. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకునే రోజు ఉండనే ఉంది.

చేతిలో ఫోను ఉన్నవాళ్ళకు 2025 జనవరిలో మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవ ఉంది. డిజిలాకర్‌లోకి ఆఫీసులే నేరుగా జారీ చేసిన కాగితాలకు 2017 నుంచి అసలు కాగితాలతో సమానంగా చట్టబద్ధత ఉంది. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఒక ఆదివారం కూర్చోబెట్టి అన్నీ అందులో ఎక్కించమనండి. ఎటూ ఫోను చూస్తూనే ఉంటారు కదా!

సముద్రం మింగినా దొరికింది

జపాన్‌లో ప్రతి కుటుంబానికీ ఒక రిజిస్టరు ఉంటుంది. పుట్టుక, పెళ్ళి, దత్తత, చావు అన్నీ అందులో రాస్తారు. దాన్ని కొసెకి అంటారు. 2011 మార్చి 11 సునామీలో నాలుగు పట్టణాల రిజిస్టర్లు ఆఫీసులతో సహా పోయాయి. వేల కుటుంబాలకు తామెవరో చెప్పే కాగితం లేకుండా పోయింది. కానీ వాటి నకళ్ళు వేరే ఊళ్ళలో న్యాయశాఖ కార్యాలయాల్లో ఉన్నాయి. వాటి నుంచి కొన్ని వారాల్లోనే రిజిస్టర్లను తిరిగి నిలబెట్టారు. అంత సముద్రాన్ని గెలిచింది ఒక చిన్న జాగ్రత్త: రెండో కాపీ, వేరే చోట.

అదే మన ఇళ్ళకూ కావాలి. అసలు కాగితాలు బీరువాలో, జిరాక్సులు అమ్మ ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో. దాంతోపాటు రెండు రూపాయల నోటుపుస్తకం ఒకటి. ఒక్కో కాగితానికి ఒక్కో పేజీ: కాగితం పేరు, నంబరు, తేదీ, ఇచ్చిన ఆఫీసు, ఊరు, అప్పటి తాలూకా లేదా మండలం, అందులో పేరు ఏ అక్షరాలతో ఉందో అచ్చం అట్లాగే. పిల్లల పేజీలో ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో పుట్టారో రాయండి. అత్తమామల పేజీ కూడా రాయండి, వాళ్ళు చెప్పగలిగిన రోజుల్లోనే.

చీటీల లెక్క, పాలవాడి లెక్క, చాకలి పద్దు అన్నీ రాసిపెట్టేది మనమే. ఈ ఒక్క పుస్తకమూ రాసేయండి. అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. తాళం కొంగున ఉన్నా, సంగతి నలుగురికీ తెలిసి ఉండాలి.